అక్క చేనుకు కటింగ్

మే 11, ఆదివారం

నవ్వనీ. నవ్వేవాళ్ల దవడలు నొస్తాయి గానీ నాదేం పోతుంది. బోధన్ నుంచి లోడర్ తోలుకుంటూ ఊళ్లోకి వచ్చేసరికి చాయ్ హోటల్ బెంచీ మీద ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. సర్పంచ్ వచ్చినా లేవని మనుషులు.

“వెంకటన్నా, కటింగా, గడ్డమా?” అని ఒకడు.

“గా కత్తెరతోని మీసం సుత దిద్దుతవా?” అని ఇంకొకడు.

దిద్దుతాను. ముందు అక్క చేను అయిపోనీ.

లోడర్ ముందు బొక్కెన ఉండాల్సిన చోట ఇప్పుడు రెండు ఇనుప చేతులు, వాటి మధ్య ఒక మందపాటి కత్తి. చెట్టును మొదట్లో కౌగిలించుకుని లివర్ గుంజితే నేలకు సమంగా కోసేస్తుంది. కోశాక చెట్టును వదలదు, నిలబెట్టే పట్టుకుంటుంది. మోసుకుపోయి కావాల్సిన చోట పడుకోబెట్టడమే. బోధన్‌లో పైపులు బిగించిన రామ్‌దాస్ మరాఠీ మనిషి, ఏ మిషన్‌నూ అంత తొందరగా మెచ్చుకోడు. “వెంకట్ భావూ, గిది సెట్టును దొంగతనం జేసినట్టు తీస్తది” అన్నాడు. దొంగతనం అన్న మాట నాకు నచ్చలేదు. పోలిక ఇంకోటి దొరకలేదా.

ఈ డైరీ ఎరువుల దుకాణం వాళ్లు జనవరిలో ఇచ్చారు. నాలుగు నెలలు మంచం కోడు కింద ఎత్తుకు పెట్టుకున్నాను. ఇవాళ తీస్తే మంచం ఊగుతోంది, సవిత గొణుగుతోంది. “ఏడో తరగతి సదివినోనివి, ఏం రాస్తవ్ అండ్ల?” అంది. ఏ రోజు ఎంత కోశానో రాస్తాను. వ్యాపారం అన్నాక రాత ఉండాలి. ఇది వ్యాపారం. అక్క కోసం కొన్నదేం కాదు. అక్క చేను దగ్గర్లో ఉంది కాబట్టి అక్కడ మొదలు, అంతే.

అక్క చేను ఆరెకరాలు. బాపు రాజవ్వక్క పేర రాసిచ్చిన నల్ల మట్టి. చెరకు ఫ్యాక్టరీ బంద్ అయింది, బావ పోయాడు, అక్క నిజామాబాద్ పోయి బీడీలు చుట్టుకుంటూ బతికింది. చేనును సర్కారు తుమ్మకు అప్పజెప్పి పోయింది. అదిప్పుడు చేను కాదు, అడవి పందుల కాలనీ. మొన్న చలికాలంలో అక్క తిరిగొచ్చింది. వచ్చిన వారానికే ఇటుక బట్టీ భానుప్రసాద్ కూడా వచ్చాడు. అతనికి చెట్లు అడ్డం కావు. డోజరు పెట్టి చెట్టూ వేరూ మట్టీ అన్నీ కలిపి మూడడుగుల లోతు గీకేస్తాడు. ఇటుకలకు అదే కావాలి. ఆ తర్వాత అక్కడ గుంత ఉంటుంది, చేను ఉండదు.

నా అరుగు మీద కూర్చునే అక్క చెప్పింది. “మిరుగు దాక సూస్త తమ్మీ. మిరుగు నాటికి నేల కండ్లవడితే ఇత్తనం ఏస్త. లేకుంటే భానుప్రసాద్‌కిస్త. మా మట్టి ఎవలింటికన్న గోడైతది.”

ఈసారి మృగశిర జూన్ ఎనిమిదిన. ఇరవై ఎనిమిది రోజులు.

చేను నడుమ బాపు తవ్వించిన మోట బావి ఉంది. దాని చుట్టూ గట్టు రాళ్లు లేవు. కంపలో ఎక్కడుందో కనబడదు. నిరుడు కంప తీయడానికి పిలిస్తే ఇద్దరు జేసీబీ డ్రైవర్లు వచ్చి, బావి సంగతి విని, చాయ్ తాగి వెళ్లిపోయారు. రెండేసి కప్పులు తాగారు. ఆ రాళ్లు కాలువ కాంట్రాక్టర్ మనుషులు ఎత్తుకుపోయారని ఊళ్లో అంటారు.

మే 12, సోమవారం

మొదటి చెట్టు తొడంత లావు. ఊళ్లో సగం మంది వచ్చారు. మిషన్ చెడిపోతే చూసి తరించుదామని.

కత్తెర పట్టింది. లివర్ గుంజాను. కట్‌మని చెరకు గడ విరిగిన చప్పుడు. చెట్టు నిలబడే ఉంది. అందరూ నవ్వారు. “కోసిందా, ముద్దు వెట్టుకుందా?” అన్నారు. అప్పుడు పైకెత్తాను. ఆకూ కొమ్మా కాయలతో సహా చెట్టంతా గాల్లోకి లేచింది, గొడుగు ఎత్తినట్టు. కింద అరచేయంత మొద్దు, నేలకు సమంగా, పీట వేసినట్టు. ఒక్క పెళ్ల మట్టి లేవలేదు.

ఎవ్వరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం కోసం ఇంకో కత్తెర కొన్నా తప్పు లేదు.

తుమ్మ కోస్తే చావదు. పావుగంటలోపు మొద్దుకు మందు పూయాలి, లేకపోతే ఒక్కదానికి పది లేస్తాయి. మందులో ఎర్ర రంగు కలిపి ఉంటుంది, ఏది పూసిందో ఏది మరిచిందో తెలియడానికి. అక్క డబ్బా, బ్రష్షు పట్టుకుని వెనక నడిచింది. ఒక్కొక్క మొద్దు దగ్గరా వంగి పూసింది.

“పెండ్లి పిల్లకు బొట్టు వెట్టినట్టున్నదిరా.”

“పెండ్లి కాదక్కా, గిది తద్దినం.”

సాయంత్రానికి నూట పద్నాలుగు. నేనే ఎంచుకున్నాను. అక్క నూట పదహారు అంటుంది. అక్కతో వాదించలేం.

మే 13, మంగళవారం

పంక్చర్.

మే 14, బుధవారం

పంక్చర్లు రెండు. పంక్చర్ షాపతను నన్ను బావా అని పిలవడం మొదలుపెట్టాడు.

మే 17, శనివారం

హన్మవ్వ కొట్లాటకు వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. ముప్పై మేకలు, ఒక కట్టె, ఊరందరి మీదా హక్కు. తుమ్మ కాయలు తిని బతికే మేకలు ఆమెవి.

“ఓ వెంకటీ! కంపంత గొరిగితే నా మేకలేం దినాలెరా? నీ కత్తెర దినాల్నా?”

“కిందికి దించి పెడుతున్న గదవ్వ. ఇన్నొద్దులు మెడలు సాపుకోని తిన్నయి. ఇగ పంక్తి భోజనమే.”

నిజంగానే పడుకోబెట్టిన చెట్టు మీద మేకలన్నీ పడ్డాయి. ఆమె కోపం కాస్త తగ్గింది గానీ నోరు తగ్గలేదు.

“నడుమకు ఎప్పుడు పోతవ్? నా సుక్కమేక గీడనే పోయింది, ఆరేండ్లాయె. లోపల్నుంచి రెండొద్దులు మే అన్నది. మూడో పొద్దు అనలే. బాయికి గట్టుంటె పోవునా అది?”

“కాంట్రాక్టరోల్లు గిట్ల జేసిండ్రు” అన్నాను.

హన్మవ్వ నా ముఖం చూసి, మేకల వైపు పోయింది. మధ్యాహ్నం నీళ్లకని ఇంటికి వచ్చింది. మెట్ల మీద కూర్చుని, అరచేత్తో రాయిని నిమిరి, “నీ ఇంటి మెట్లు మస్తు సల్లగుంటయ్‌రా. బాయి కాడ కూసున్నట్టే ఉంటది” అంది.

ఎండ దెబ్బకు ముసలివాళ్లకు ఏదేదో అనిపిస్తుంది.

మే 20, మంగళవారం

బ్రహ్మాండం. మూడెకరాలు తేలాయి. తూర్పు గట్టు దక్షిణపు మూలన నిలబడితే పడమటి గట్టు మీద నడిచే మనిషి తలపాగా రంగు తెలుస్తోంది. పదిహేనేళ్లకు ఇదే మొదలు. చాయ్ హోటల్ నుంచి ఇద్దరు వచ్చి, మా చేనుకు ఎప్పుడొస్తావని మెల్లగా అడిగారు. కటింగా గడ్డమా అని నేనడిగాను. తలలు దించుకున్నారు. జీవితంలో ఇంతకన్నా ఏం కావాలి.

చుట్టూ కోసుకుంటూ వస్తున్నాను. అది పద్ధతి.

“నడుమ ఎప్పుడు?” అంది అక్క.

“సుట్టూ సాఫ్ జేస్తే నడుమ దానంతటదే వస్తది.”

“నడిసొస్తదా?”

అక్క అయిదో తరగతితోనే ఆగింది. ఇంకా చదివి ఉంటే ఈ జిల్లా ఏమైపోయేదో.

మే 22, గురువారం

హోసు వేడెక్కింది. పని ఆపాను.

మే 23, శుక్రవారం

హోసు బాగానే ఉంది. అయినా చల్లబడనిచ్చాను.

మే 24, శనివారం

భానుప్రసాద్ జీపులో వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. మర్యాదస్తుడు, అదే ఇబ్బంది. తిట్టడానికి సందు ఇవ్వడు.

చుట్టూ నాలుగెకరాలు నున్నగా ఉన్నాయి, నడుమ రెండెకరాల కంప అలాగే నిలబడి ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు.

“వెంకటన్నా, కటింగ్ మంచిగున్నది. పిలక ఎందుకు ఇడిసినవ్?”

“ముహూర్తం సూస్తున్న.”

“సూడు సూడు. మిరుగుకు ఇంక రెండు వారాలున్నది. నాకేం తొందర లేదు. డోజర్ మాట్లాడి పెట్టిన. దానికి బాయి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మట్టితోని పూడ్సుకుంటనే పోతది.”

అక్క వింటూ నిలబడింది. డబ్బాలోని బ్రష్షు తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది.

బావిని పూడ్చేస్తాడట. బాపు రెండు ఎండాకాలాలు తవ్వించిన బావి.

రేపు నడుమకు పోతాను. రేపు కాకపోతే ఎల్లుండి. పొడి నేల మీద భయం, కాస్త వాన పడితే మట్టి తెలుస్తుంది.

మే 26, సోమవారం

వాన పడింది. మట్టి జారుడుగా ఉంది. తడి నేల మీద భయం.

మే 27, మంగళవారం

ఇవాళ రాయాలని లేదు. అక్షరాలు చూస్తే తెలుస్తూనే ఉంది.

పదకొండు గంటలకు లోడర్ అటు తిప్పి చెట్టును గట్టు మీద పడుకోబెడుతున్నాను. తిరిగి చూస్తే అక్క లేదు. మందు డబ్బా ఒక మొద్దు మీద ఉంది. కంపలోకి, పందులు పోయే సందులోంచి, ఆమె పచ్చ చీర కదులుతోంది. చేతిలో పొడుగాటి కట్టె. బావి తనే వెతుక్కుందామని పోయింది. ఎందుకు పోదు? తమ్ముడు హోసు చల్లబరుచుకుంటూ కూర్చుంటే.

సీటు మీదే లేచి నిలబడి అరిచాను.

“అక్కా ఆగు! ముంగటికి పోకు! నీ ఎడమ దిక్కు పది అడుగులల్లనే ఉన్నది! అట్లనే ఎనుకకు రా, అట్లనే!”

పచ్చ చీర ఆగింది. మెల్లగా వెనక్కు వచ్చింది. ముళ్లకు చేతులు గీరుకుపోయి రక్తం చిమ్మింది. నా దగ్గరికి వచ్చి, కట్టె నేలకు ఆనించి, తల ఎత్తి చూసింది.

“నీకెట్ల ఎర్క?”

“అందాజ.”

“పది అడుగుల అందాజనా?”

ఇంజన్ ఆగిపోయి ఉంది. నేను ఆపినట్టు గుర్తు లేదు. మళ్లీ స్టార్ట్ చేశాను. అక్క డబ్బా తీసుకుని ఇంటికి పోయింది.

మే 28, బుధవారం

చెప్పేశాను. కల్లు తాగి చెప్పలేదు, చాయ్ తాగి చెప్పాను. పొద్దున్నే, అక్క వాకిలి ఊడుస్తుంటే.

“అక్కా, గట్టు రాళ్లు కాంట్రాక్టరోల్లు తీస్కపోలే.”

“మరెవలు?”

“నేను.”

చీపురు ఆగలేదు. ఇంకో నాలుగు వరుసలు ఊడ్చింది.

నేను ఇల్లు కట్టిన ఏడు. చేను అప్పటికి ఖాళీగా ఉంది, బావిలో నీళ్లు తోడేవాళ్లు లేరు. రాళ్లు నున్నగా, బంగారంలా ఉన్నాయి. నాలుగు రాళ్లు తెస్తే మెట్లవుతాయని వెళ్లాను. మెట్లయ్యాక మట్టి అరుగు బాగుండదనిపించింది. రెండు ట్రిప్పులు, ట్రాక్టర్ మీద గడ్డి కప్పి. కాంట్రాక్టర్ మాట హోటల్లో మొదట అన్నది కూడా నేనే. ఎవరో అంటే విన్నట్టు అన్నాను. తర్వాత అందరూ నాకే వచ్చి చెప్పారు, నేనే నమ్మినంత పని అయింది.

“ఎన్ని?” అంది అక్క.

“ఇరవై రెండు.”

“ఇంటి ముంగటి మెట్లు, అరుగు.”

“అవ్.”

చీపురు గోడకు ఆనించింది. “నేను పట్నంల పదిహేనేండ్లు బీడీలు సుట్టిన. సెలవుకొచ్చినప్పుడల్ల నీ అరుగు మీదనే కూసున్న. ఎండల గూడ ఎంత సల్లగుంటదిరా నీ అరుగు అన్న. నా రాళ్ల మీద నన్నే కూసోవెట్టి చాయ్ పోసినవ్.”

“అక్కా.”

“మిరుగు దాక సూస్తనని గా అరుగు మీద కూసోనే అన్న. డ్రైవర్లు ఎందుకు రాలే? గట్టు లేదని రాలే. హన్మవ్వ మేక ఎందుకు పోయింది? నా సేను కంపల ఎందుకు మునిగింది?” ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. “పో తమ్మీ. నాకు పనున్నది.”

మే 29, గురువారం

అక్క రాలేదు. ఒక్కణ్నే కోసి, దిగి మందు పూసి, ఎక్కి మళ్లీ కోశాను. ముప్పై ఒకటి.

మే 30, శుక్రవారం

అక్క రాలేదు. నిజామాబాద్ బస్సు ఎక్కిందని సవిత చెప్పింది. భానుప్రసాద్ ఆఫీసు నిజామాబాద్‌లోనే.

మే 31, శనివారం

ఆమె ఎవరికి ఇచ్చుకున్నా ఆమె చేను. నేను మాత్రం బావిని ఎండకు చూపించాలి. పొద్దున ఆరింటికి లోడర్ స్టార్ట్ చేశాను. హన్మవ్వ అప్పటికే గట్టు మీద ఉంది.

“అవ్వా, నాకు ఒక దిక్కు నుంచే గుర్తున్నది. మొన్న అక్క దూరిన సందే నేను పోయిన బాట, అటు ఇప్పుడు బురద. ఇటు దిక్కు బాయి కాడ గుర్తుకున్న యాపచెట్టు ఇప్పుడు లేదు.”

“నీకు గుర్తున్నదని నాకెప్పుడో ఎర్క” అంది. “ట్రాక్టర్ నిండ గడ్డి ఎవడన్న మోస్తడారా, ఎండకాలంల, ఖాళీ సేనుకెల్లి?” అంటే అప్పుడే చూసింది. పదిహేనేళ్లు కడుపులో పెట్టుకుంది. “మొద్దులు సూడకు. మేకల బాటలు సూడు. సుక్కమేక పోయినంక నా మేకలు గాడికి పోయి వంకర దిరుగుతయ్. వంకర దిరిగిన కాడ ఆగు.”

సీటు మీద నుంచి చూస్తే నిజమే. మొదటి రెండు వరుసలు తీయగానే, లోపల నేల మీద గీతలు గీసినట్టు బాటలు. అన్నీ సూటిగా వస్తున్నాయి, ఒక చోటుకు వచ్చి అన్నీ వంగుతున్నాయి, కంచం అంచు చుట్టూ వేలు తిప్పినట్టు. ఇంజనీర్లు గీసినా అంత బాగా రాదు.

ఒక చెట్టు కోయడం, ఎత్తడం, కింద నేల చూడడం, ఒక అడుగు ముందుకు. మళ్లీ ఒక చెట్టు. డోజర్ అయితే తోసుకుంటూ పోవాలి, ముందేముందో దానికి తెలియదు. నా కత్తెర ఒక్కొక్క చెట్టునూ తెర తీసినట్టు తీస్తుంది. హన్మవ్వ పక్క నుంచి కట్టె ఎత్తితే ఆగుతాను, దించితే కదులుతాను. మూడు గంటలు అలా. ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇది ఊళ్లో చెబితే ఎవరూ నమ్మరు.

పదిన్నరకు ఒక చెట్టు ఎత్తాను. దాని వెనక వెలుతురు ఉంది. చెట్టు వెనక చెట్టు ఉండాలి గానీ వెలుతురు ఉండకూడదు.

బావి. ముందు చక్రానికి ఇంకా ఎనిమిది అడుగులు.

అంచులోంచి ఒక ముసలి తుమ్మ పుట్టి బావి మీదకు అడ్డంగా వాలి ఉంది, సగం బావికి మూత పెట్టినట్టు. దాన్ని లాగితే అంచు కూలుతుంది. తోస్తే చెట్టు లోపల పడుతుంది. చేతులు చాపి, మొదలు పట్టి లివర్ గుంజాను. కట్. చెట్టు ఒక్కసారి బరువుగా ఊగింది. లోడర్ వెనక చక్రాలు తేలికపడడం నడుము కింద తెలిసింది. చేతిని కొద్దిగా దించి, వెనక్కు, వెనక్కు, ఇంకా వెనక్కు. వదల్లేదు. నా బంగారు కత్తెర, వదల్లేదు.

చెట్టును దూరంగా పడుకోబెట్టి, దిగి, బోర్లా పడుకుని అంచు నుంచి తొంగి చూశాను. గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. కింద నీళ్లు. నల్లగా, నిండుగా, ఆకాశం ముక్క ఒకటి అందులో. నడి ఎండాకాలం అయిపోతుంటే ఇంత నీరు. చల్లటి వాసన ముఖానికి కొట్టింది. మా ఇంటి మెట్ల మీద పదిహేనేళ్లుగా వస్తున్న వాసన అదే.

హన్మవ్వ లోపలికి చూసి, “సుక్కా” అని పిలిచింది. ఒక్కసారే. తర్వాత నా వీపు మీద కట్టెతో ఒకటి వేసింది. గట్టిగానే. లెక్క సరిపోయింది అనుకున్నాను. ఆమె అనుకోలేదు, ఇంకోటి వేసింది.

జూన్ 1, ఆదివారం

బావి చుట్టూ మందు పూయలేదు. నీళ్లలో దిగుతుంది. అక్కడ చిగురు లేస్తే గొడ్డలే. ఉత్తరం గట్టు మీద ఒక వరుస తుమ్మ కోయకుండా వదిలేశాను, హన్మవ్వ మేకలకు.

నాలుగింటికి అక్క వచ్చింది. నెత్తి మీద కంది విత్తనాల సంచి. నిజామాబాద్ పోయింది భానుప్రసాద్ కోసం కాదు, కిరాయి గది ఖాళీ చేయడానికి. బీడీ చాట పక్కింటామెకు ఇచ్చేసిందట.

సంచి దించి, బావి అంచు దగ్గరికి పోయి నిలబడింది. వంగి లోపలికి చూసింది. ఏడుస్తుందేమో అని నేను ముందే ముక్కు తుడుచుకున్నాను. ఆమె ఏడవలేదు.

“మెట్లెప్పుడు తీస్తవ్?” అంది.

జూన్ 3, మంగళవారం

పొద్దున గడ్డపారతో మొదటి రాయి లేపేసరికి సవిత పసుపు గిన్నెతో బయటికి వచ్చింది. ఆమెకు నేను ఇంకా చెప్పలేదు. చెబుదామనే అనుకున్నాను. పదిహేనేళ్లుగా.

చెప్పాను, విన్నది. గిన్నె నేల మీద పెట్టింది.

“ఐతే మంగళారం శుక్రారం నేను పసుపు రాసింది దొంగ రాయికా?”

“రాయి దొంగది కాదు. మనిషే.”

“బొట్లు వెట్టిన! ముగ్గులేసిన! గీ మెట్టు మంచి లక్షణమున్నదని మా అవ్వకు సెప్పిన!”

“లక్షణం ఉన్నది గద. మీ ఆడబిడ్డది.”

గిన్నె నా వైపు వచ్చింది. పసుపు పడింది, గిన్నె తగల్లేదు. ఆమెకు గురి తప్పదు, కాబట్టి కావాలనే తప్పించింది. ముప్పై ఏళ్ల కాపురం అంటే అదే. కాసేపటికి కొంగు నడుముకు చుట్టి ఇంకో గడ్డపార తెచ్చింది. “జరుగు. రాయి ఇరుగుతది అట్ల లేపితే.”

ఇరవై రెండూ ట్రాలీలో పడ్డాయి. ఈసారి గడ్డి కప్పలేదు. బజారు నడుమ నుంచే తోలుకుపోయాను. హోటల్ బెంచీ మళ్లీ లేచి నిలబడింది.

“గవెక్కడి రాళ్లు వెంకటన్నా?”

“కాలువ కాంట్రాక్టర్ తిరిగిచ్చిండు. గా కాంట్రాక్టర్ను నేనే.”

చెప్పడం ఇంత తేలికని తెలిస్తే ముందే చెప్పేవాణ్ని. అబద్ధం. చెప్పేవాణ్ని కాదు.

ఇంటి గడపకు ఇప్పుడు మూడడుగుల ఎత్తు. లోపలికి పోవాలంటే నూనె డబ్బా బోర్లించి ఎక్కాలి. సవిత అవలీలగా ఎక్కుతోంది. నేను రెండుసార్లు పడ్డాను.

జూన్ 5, గురువారం

రాళ్లు తెచ్చి కుప్ప పోస్తే నాకన్నీ ఒకటే. అక్కకు కాదు. చిన్నప్పుడు మోట తోలింది ఆమె. ఎద్దుల వెనక పొద్దంతా నడిచింది ఆమె. నేను అప్పుడు జొన్న చేలో పిట్టలు కొడుతున్నానని చెప్పి నిద్రపోయేవాణ్ని.

ఒక రాయి దగ్గర ఆగింది. అది మా ఇంటి పై మెట్టు. దాని మీద వేలు పట్టేంత గాడి ఒకటి ఉంది. సవిత శుక్రవారాలు దీపం ఆ గాడిలోనే పెట్టేది, గాలికి కదలదని. నేనెప్పుడూ ఆ గాడి ఎలా పడిందో ఆలోచించలేదు.

అక్క అందులో వేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా జరిపింది.

“గిది తూర్పు దిక్కుది. మోట తాడు ఒరిసి ఒరిసి గిట్లయింది. నా చేతుల కెల్లి పోయిన తాడే.”

లోడర్‌కు బెల్టు కట్టి రాయిని ఎత్తి, ఆమె చెప్పిన చోట దించాను. “జర ఇటు. జర అటు. ఆగు. ఆఁ.” దానితో మొదలుపెట్టి, ఏ రాయి పక్కన ఏది ఉండాలో ఒక్కొక్కటే చెప్పింది. ఇరవై రెండో రాయి, చివరి సందులో, పెట్టె మూత పడ్డట్టు కూర్చుంది. నేను సిమెంటు తేబోతే వద్దంది. “గట్టిగ కూసుంటయ్. ఎవడన్న ఎత్తుకపోతే తప్ప.”

నవ్వింది. మే ఇరవై ఎనిమిది తర్వాత ఇదే మొదటిసారి. నేను రాయి మీదే కూలబడ్డాను.

జూన్ 7, శనివారం

ఆరెకరాలు! ఆరుకు ఆరు! ఉత్తరం గట్టు వరుస తప్ప ఒక్క తుమ్మ లేదు. నల్ల నేల మీద ఎర్ర మొద్దులు, మధ్యలో పదిహేనేళ్ల ఆకు కుళ్లి పడిన మెత్తటి మట్టి. పిడికిట్లో పట్టి పిసికితే కుడుములా ముద్ద అవుతోంది. మొద్దులు కుళ్లడానికి రెండేళ్లు పడుతుంది. అప్పటిదాకా వాటి మధ్యలో చేత్తో కందులు. ఆ తర్వాత పసుపు.

భానుప్రసాద్ జీపు దిగి, బూట్లు విప్పి చేలోకి నడిచాడు. అది నాకు నచ్చింది. బావి దాకా పోయి, రాళ్ల మీద చెయ్యి ఆనించి లోపలికి చూశాడు.

“మస్తు మట్టి అక్కా” అన్నాడు. నోట్లో నీళ్లూరుతున్నట్టే అన్నాడు.

“అవ్. గోడలకు ఇంత మంచిది ఎందుకు బిడ్డా? వేరే సూసుకో” అంది అక్క.

అతను తల ఊపాడు. జీపు ఎక్కబోతూ ఆగి, ఒకసారి ఇటు చూసి, ఒకసారి కత్తెర వైపు చూశాడు.

“వెంకటన్నా, మా బట్టీ ఎనుక కూడ తుమ్మ బాగున్నది. లారీ తిరుగుతలేదు.”

ఈ మాట కోసమే దేవుడు నాకు ఇన్నాళ్లు నోరు ఇచ్చాడు.

“కటింగా, గడ్డమా?” అన్నాను.

జూన్ 8, ఆదివారం. మిరుగు.

తెల్లారి అక్క మొదటి గింజ వేసింది. తూర్పు రాయికి ఎదురుగా. రెండోది నన్ను వేయమంది. నా చేతికి లివరే అలవాటు, గింజ ఎంత లోతుకు పోవాలో తెలియక అడిగాను. “రెండు వేళ్లు. పాతిపెట్టుడు నీకు కొత్తనా?” అంది. పోనీ. జీవితాంతం అంటుంది. అననీ.

ఇప్పుడు పదకొండు. బావి గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. రాయి చల్లగా ఉంది. మిరుగు నాడు చేప తినాలి కాబట్టి పోచంపాడ్ చేపలు తెప్పించాం. వంట ఇక్కడే, మూడు రాళ్ల పొయ్యి మీద, తుమ్మ కట్టెలతో. ఇంట్లో వండితే నూనె డబ్బా ఎక్కాలి కదా. సవిత చేపల కూర దించింది, అక్క వడ్డిస్తోంది, హన్మవ్వ ఇద్దరికీ తప్పులు పట్టుకుంటోంది. ఆమె మేకలు ఉత్తరం గట్టు నుంచి వచ్చి రాళ్ల దాకా నడిచాయి. వంకర తిరగలేదు. ఒకటి గట్టు మీద రెండు కాళ్లు పెట్టి నీళ్లలోకి చూసి, తన నీడను చూసి మే అంది.

వెనకటి పేజీలు తిప్పి చూశాను. ఇది వ్యాపారం, వ్యాపారం అని మొదటి రోజే రెండుసార్లు రాసుకున్నాను. వ్యాపారం చేసేవాడు అన్నిసార్లు రాసుకోడు. ఇక ఇందులో ఖాళీ చాలా ఉంది గానీ ఇవాళ రాత్రికి దీన్ని మళ్లీ మంచం కోడు కింద పెట్టేస్తాను, సవితకు ఊగకుండా. పెట్టే ముందు ఒక్క మాట నిజం రాసి పెట్టాలి. నేనీ కత్తెర ఎందుకు కొన్నానంటే, హన్మవ్వ సుక్కమేక అరిచిన ఆ రెండు రోజులూ నేను మా మెట్ల మీదే కూర్చుని ఆ అరుపు వింటూ, లేవకుండా

“ఏ తమ్మీ! రాసింది సాలు, రా! సేపలు సల్లగైతున్నయ్, ముండ్లు సుత నేనే తీసి పెట్టాల్నా?”

వస్తున్న అక్కా, ఒక్క నిమిషం, ఆ మెట్ల మీద కూర్చుని నేను